మందులకు లొంగని డిప్రెషన్: కొత్త చికిత్సకు వెళ్లే ఉద్యోగి ముందే చూసుకోవాల్సినవి

రెండు రకాల మందులు వాడి చూశారు. రెండూ సరైన మోతాదులోనే, ఒక్కోటి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అయినా పొద్దున లేచి తయారై డ్యూటీకి బయల్దేరడం కొండెక్కినంత పనిగానే ఉంది. మెయిల్ తెరిస్తే చదివిన లైనే మళ్లీ చదవాల్సి వస్తోంది. మీటింగులో పేరు పెట్టి పిలిస్తే తప్ప ఎవరేం మాట్లాడుతున్నారో తెలియడం లేదు. ఈ స్థితినే వైద్యులు మందులకు లొంగని డిప్రెషన్ అంటారు.

ఇది మనోబలం లేక వచ్చింది కాదు, మీ ఒక్కరికే వచ్చిందీ కాదు. అమెరికాలో 2001లో మొదలుపెట్టిన స్టార్-డి అనే పెద్ద అధ్యయనంలో దాదాపు 4,000 మంది రోగులకు ఒక మందు పనిచేయకపోతే మరొకటి చొప్పున నాలుగు దశల్లో మార్చి చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నవారు సుమారు మూడో వంతు. మూడో దశ, నాలుగో దశ దగ్గరకు వచ్చేసరికి ఏడెనిమిది మందిలో ఒకరే తేరుకున్నారు. ఆ లెక్క కట్టిన తీరులోనే లోపాలున్నాయని, తేరుకున్నవారు ఇంకా తక్కువేనని తర్వాత కొందరు పరిశోధకులు వాదించారు. ఏ లెక్క తీసుకున్నా, మందులు మారుస్తూ నెలలు గడిచిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎందరో ఆ నెలలన్నీ ఉద్యోగం చేస్తూనే గడుపుతారు.

అందుకే కెటమిన్, ఎస్‌కెటమిన్, సిలోసైబిన్ లాంటి పేర్లు వినగానే ఆశ పుడుతుంది. పుట్టాలి కూడా. ఆ మందు మీకు సరిపడుతుందా లేదా అన్నది మీ సైకియాట్రిస్టు తేల్చాల్సిన విషయం. అయితే ఆ మందు మొదలుపెడితే సెలవులు ఎలా, బండి ఎవరు నడపాలి, ఇన్సూరెన్సు వాళ్లు డబ్బులిస్తారా, మేనేజరుకు ఏం చెప్పాలి అన్నవి ఓపీలో పది నిమిషాల్లో మాట్లాడుకోవడం కుదరదు. ఈ వ్యాసం వాటి గురించే.

కొత్త మందుల గురించి ఎవరిని అడిగినా ముందు వాటి వేగం గురించే చెబుతారు. గంటల్లో తేడా కనిపిస్తుందంటారు, అది నిజమే. ఉద్యోగం చేసుకునే మనిషి మాత్రం ఆ గుణం ఎన్నాళ్లు నిలుస్తుందని, దాన్ని నిలబెట్టుకోవడానికి ఎన్నిసార్లు రావాలని అడగాలి. సెలవులు, డబ్బు, డ్యూటీ మార్పిడి అన్నీ ఆ రెండు జవాబుల మీదే ఆధారపడి ఉంటాయి.

కెటమిన్ సంగతే తీసుకోండి. 1962లో పార్క్-డేవిస్ కంపెనీ కోసం కాల్విన్ స్టీవెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన మత్తుమందు ఇది. అమెరికాలో 1970 నుంచి ఆపరేషన్లకు వాడుతున్నారు. మన ఆస్పత్రుల థియేటర్లలోనూ మత్తు డాక్టర్లకు బాగా అలవాటైన మందే. పాత డిప్రెషన్ మందులు మెదడులో సెరటోనిన్ లాంటి రసాయనాల మీద పనిచేస్తాయి. కెటమిన్ గ్లుటమేట్ అనే మరో రసాయనం దారిలో పనిచేస్తుంది. 2000లో యేల్ విశ్వవిద్యాలయంలో ఏడుగురి మీద, 2006లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో 18 మంది మీద జరిపిన చిన్న ప్రయోగాల్లో, మత్తుకు ఇచ్చే దానికంటే బాగా తక్కువ మోతాదుతోనే కొద్ది గంటల్లో కుంగుబాటు తగ్గడం చూసి వైద్యలోకం ఆశ్చర్యపోయింది. శరీర బరువులో కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున 40 నిమిషాల పాటు నరంలోకి ఎక్కించడం అప్పటి నుంచి ఒక పద్ధతిగా నిలిచింది.

ఒక్క డోసుతో వచ్చిన ఊరట చాలామందిలో ఒకటి రెండు వారాలకే జారిపోతుంది. కాబట్టి ఒక్కసారి వెళ్లొస్తే అయిపోయే చికిత్స కాదు. కెటమిన్‌లోని ఒక రూపమే అయిన, ముక్కులో స్ప్రే చేసే ఎస్‌కెటమిన్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 మార్చి 5న అనుమతిచ్చింది. దాని షెడ్యూలు చూస్తే విషయం అర్థమవుతుంది. మొదటి నాలుగు వారాలు వారానికి రెండుసార్లు. తర్వాతి నాలుగు వారాలు వారానికి ఒకసారి. ఆ పైన వారానికో, రెండు వారాలకో ఒకసారి. ప్రతిసారీ మందు ఇచ్చాక కనీసం రెండు గంటలు వైద్య సిబ్బంది కళ్లెదుటే ఉండాలి. ఆ రాత్రి బాగా నిద్రపోయి లేచి మర్నాడయ్యేదాకా బండి నడపకూడదు, యంత్రాల జోలికి పోకూడదు. మొదటి రెండు నెలలకు మొత్తం 12 సార్లు. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఏడాది మొత్తానికి ఉండే సీఎల్‌లు 15. ప్రైవేటులో చాలాచోట్ల అంతకంటే తక్కువ. ఈ లెక్క మొదటి డోసుకు ముందే వేసుకోవాలి.

మన ఆస్పత్రుల్లో కెటమిన్‌ను నరంలోకి ఎక్కించే రోజు ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూద్దాం. ఎన్ని గంటల ముందు నుంచి తినకూడదో, తాగకూడదో ఆస్పత్రి వాళ్లు చెబుతారు. వెళ్లగానే బీపీ చూస్తారు. ఎక్కువుంటే ఆ రోజుకు వాయిదా వేయొచ్చు, ఎందుకంటే ఈ మందు కాసేపు బీపీని పెంచుతుంది. చేతికి క్యాన్యులా, వేలికి క్లిప్పు, ఇంకో చేతికి బీపీ పట్టీ పెట్టి, సిరంజి పంపు ఆన్ చేస్తారు. కాసేపటికి చేతులు తమవి కానట్టు, గోడలు దూరం జరిగినట్టు అనిపిస్తుందని చాలామంది చెబుతారు. కొందరికి గాలిలో తేలుతున్నట్టుంటుంది, కొందరికి భయమేస్తుంది, కొందరికి వాంతి వచ్చేలా ఉంటుంది. పక్కన నర్సు ఉండి ‘ఇది మందు ప్రభావమేనండీ, కాసేపట్లో తగ్గిపోతుంది’ అంటే చాలా ధైర్యం. పంపు ఆగాక గంటా రెండు గంటల్లో ఇదంతా సర్దుకుంటుంది. అయినా లేచి నిలబడితే కాళ్లు తేలిపోతాయి. సంతకం చేయమంటే పేరు వంకరగా వస్తుంది. ఆ స్థితిలో ఆఫీసుకు తిరిగి వెళ్లడం అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. మధ్యాహ్నం స్లాటు తీసుకుని పూటసెలవుతో సర్దేద్దాం అనుకుంటారు కొందరు. పొద్దున పనిచేసి మధ్యాహ్నం వెళ్లడం కుదురుతుంది. పొద్దున డోసు తీసుకుని మధ్యాహ్నం పనికి రావడం కుదరదు. వీలైతే శుక్రవారం మధ్యాహ్నం అడగండి, మర్నాడు సెలవు కలిసొస్తుంది.

తీసుకెళ్లి తీసుకొచ్చే మనిషి తప్పనిసరి. భార్యో, భర్తో, తమ్ముడో, రూమ్మేటో ఎవరైనా సరే, మీరు వెళ్లే ప్రతిసారీ ఆ మనిషికీ సెలవు దొరకాలి. కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. మొదటి వారం అందరూ వస్తారు, మూడో వారానికి ‘నువ్వు క్యాబ్‌లో వచ్చేయ్’ అంటారు. ఇద్దరు ముగ్గురి మధ్య వంతులు ముందే రాసుకోండి. ఇంకో సంగతి: డోసు తీసుకున్న రోజు ఆఫీసు ల్యాప్‌టాప్ తెరవొద్దు, ఫోన్లో ఆఫీసు మెయిల్ చూడొద్దు. రాజీనామా, అప్పు కాగితం, ఫ్లాటు అగ్రిమెంటు లాంటివి ఆ వారంలో ఏవీ పెట్టుకోవద్దు.

ఇక్కడ ఒక అడుగు వెనక్కి వేయాలి. కొత్త మందుకు పరుగెత్తే ముందు, పాత మందులు నిజంగానే పనిచేయలేదా, లేక పనిచేసే అవకాశమే వాటికి దక్కలేదా అన్నది తేల్చుకోవాలి. ఇది రోగిని తప్పుపట్టడం కోసం చెప్పే మాట కాదు. నైట్ షిఫ్టులు మారే నర్సు, కాల్ సెంటర్ ఉద్యోగి, ఆర్టీసీ కండక్టరు మందు వేళకు వేసుకోవడం ఎంత కష్టమో ఆ డ్యూటీలు చేసేవాళ్లకే తెలుసు. వారంలో రెండు మూడు డోసులు తప్పిపోతుంటే ఏ మందూ నిలవదు. థైరాయిడ్ తక్కువగా ఉండటం, బీ12 లోపం, రాత్రంతా గురకపెడుతూ ఊపిరాగే జబ్బు, మద్యం, ఇంకో జబ్బుకు వాడుతున్న స్టెరాయిడ్లు - వీటిలో ఏదైనా డిప్రెషన్‌ను కదలనివ్వకుండా పట్టి ఉంచొచ్చు. కొందరిలో అసలు జబ్బు బైపోలార్ అయి ఉంటుంది. ఎప్పుడో కొన్నాళ్లు నిద్ర అక్కర్లేకుండా విపరీతమైన హుషారుగా గడిపిన రోజులను ‘అప్పుడు బాగానే ఉన్నా కదా’ అని డాక్టరుకు చెప్పకుండా వదిలేస్తారు. అది తప్పక చెప్పాలి, ఎందుకంటే చికిత్సే మారిపోతుంది.

దీనికి ఉత్తమ సాధనం ఒక్క పేజీ కాగితం. మీరు ఇప్పటిదాకా వాడిన ప్రతి మందుకూ ఒక వరుస రాయండి. పేరు, అత్యధికంగా ఎంత మోతాదు దాకా వెళ్లారు, ఎన్ని వారాలు, ఎందుకు ఆపారు. ఉదాహరణకు ఇలా: ‘ఎస్సిటలోప్రామ్, 10 మి.గ్రా., మూడు వారాలు, వాంతుల వల్ల ఆపేశాను.’ ‘సెర్ట్రలిన్, 50 మి.గ్రా., నాలుగు నెలలు, కొంచెం నయం, మోతాదు పెంచలేదు.’ ఈ రెండు వరుసలు చూసిన డాక్టరు, ఇక్కడ రెండు మందులు విఫలం కాలేదనీ, ఒకటి పూర్తిగా వాడలేదు, రెండోది పూర్తి మోతాదుకు చేరలేదనీ ఇట్టే చెప్పగలరు. పాత చీటీలు పోయాయంటే బాధపడనక్కర్లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మీ వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు మీకుంది. ఆస్పత్రికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఆ కాగితం ముందు పెట్టుకుంటే, కొత్తవాటికి ముందు మరికొన్ని మెట్లున్నాయని కూడా తెలుస్తుంది. ఉన్న మందుకు లిథియం గానీ, అరిపిప్రజోల్, క్వెటయాపిన్ లాంటి మందు గానీ జోడించడం పాత పద్ధతే, ఖర్చూ తక్కువ. కరెంటు షాకు చికిత్స అనగానే సినిమాల్లో చూసిన దృశ్యాలు గుర్తొచ్చి భయపడతాం. అయితే మన దేశంలో మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడాన్ని 2017 చట్టం నిషేధించింది. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం, భ్రమలు భ్రాంతులు లేని మొండి డిప్రెషన్ ఉన్న సుమారు 400 మందిలో కెటమిన్‌ను ఈ షాకు చికిత్సతో పోల్చింది. కెటమిన్ తీసుకున్నవారిలో 55 శాతం మందికి, షాకు చికిత్స తీసుకున్నవారిలో 41 శాతం మందికి గుణం కనిపించింది. షాకు చికిత్స తీసుకున్నవారికి కొన్నాళ్లు జ్ఞాపకశక్తి ఇబ్బంది ఎక్కువగా ఉంది. లెక్కలు, కోడింగు, పాఠాలు చెప్పడం లాంటి పనుల్లో ఉన్నవారు ఈ తేడాను డాక్టరుతో తప్పక మాట్లాడాలి. భ్రమలతో కూడిన తీవ్ర డిప్రెషన్‌కు, తిండి మానేసిన స్థితికి మాత్రం షాకు చికిత్సకున్న స్థానం ఇప్పటికీ గట్టిదే.

ఇక మీకు ఇస్తామంటున్న మందు ఏ కోవలోదో తెలుసుకోవాలి. ఒక జబ్బుకు ప్రభుత్వ అనుమతి ఉన్న మందు ఒక రకం. వేరే పనికి అనుమతి ఉన్న మందును డాక్టరు తన విచక్షణతో మీ జబ్బుకు వాడటం రెండో రకం. మన దగ్గర ఆస్పత్రుల్లో డిప్రెషన్‌కు ఎక్కించే మామూలు కెటమిన్ ఈ రెండో రకం. ఇంకా పరీక్షిస్తున్న మందును ట్రయల్‌లో భాగంగా తీసుకోవడం మూడో రకం. మూడింటిలో మీ హక్కులు వేరు, ఖర్చు వేరు, ఇన్సూరెన్సు వేరు. మొహమాటపడకుండా ‘డాక్టరుగారూ, ఇది ఈ జబ్బుకు అనుమతి ఉన్న మందేనా, లేక ట్రయలా?’ అని అడిగేయండి.

రెండో రకంలో జాగ్రత్తపడాల్సింది ఎక్కడ తీసుకుంటామన్న దాని గురించి. కెటమిన్ మన దేశంలో కఠిన నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందు, మత్తుపదార్థాలను అదుపుచేసే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికీ వస్తుంది. మత్తు డాక్టరు, ఆక్సిజన్, మానిటరు ఉన్న ఆస్పత్రిలోనే తీసుకోవాలి. ఇంటికే పంపిస్తాం, మాత్రగా నాలుక కింద పెట్టుకోండి, వీడియో కాల్‌లో చూస్తుంటాం అని ఎవరైనా అంటే అక్కడితో ఆ సంభాషణ ముగించండి. ఫ్రెండ్స్ సీరియల్ నటుడు మాథ్యూ పెర్రీ 2023 అక్టోబరు 28న చనిపోయినప్పుడు, ప్రధాన కారణం కెటమిన్ తీవ్ర ప్రభావమేనని శవపరీక్షలో తేలింది. ఆయన వైద్య కేంద్రంలో చికిత్స తీసుకున్నారు గానీ, ప్రాణం తీసింది పర్యవేక్షణ లేకుండా ఇంట్లో తీసుకున్న మందు. అదే నెలలో ఎఫ్‌డీఏ కూడా ఇంటి వద్ద కెటమిన్ వాడకం గురించి హెచ్చరిక జారీచేసింది.

ట్రయల్ అంటే మనవాళ్లలో రెండు రకాల భయాలున్నాయి. ‘ఎలుకల్లా మన మీద ప్రయోగం చేస్తారు’ అన్నది ఒకటి. ఆ భయానికి కారణం లేకపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో ఆ కార్యక్రమాన్ని కేంద్రం ఆపేసింది, పార్లమెంటరీ కమిటీ 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. ఆ అనుభవం తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు 2019. రెండో భయం దీనికి పూర్తిగా ఎదురు: ‘ఈ అవకాశం పోతే మళ్లీ రాదేమో’ అన్న తొందర. తొందరలో పెట్టిన సంతకమే ఎక్కువ చేటు చేస్తుంది.

మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్‌కూ సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్టరులో నంబరు ఉండాలి. ఆ నంబరు అడిగి, వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూడండి. ఏ ఆస్పత్రుల్లో జరుగుతోంది, ఎవరిని తీసుకోరు, ఎన్ని వారాలు అన్నది అందులో ఉంటుంది. అంగీకార పత్రం మీకు వచ్చిన భాషలో ఇవ్వాలి. తెలుగులో అడగండి, ఇంటికి తీసుకెళ్లండి, రెండు రోజులు దగ్గర పెట్టుకుని చదవండి. అందులో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉందో లేదో చూడండి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు, అలా తప్పుకున్నా మీ మామూలు వైద్యం ఆగకూడదు. ట్రయల్ మందు వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, పరిహారం ఇవ్వాలి. పరీక్షిస్తున్న మందుకు మీ దగ్గర డబ్బులు అడుగుతున్నారంటే అది ట్రయలేనా అని అనుమానించాల్సిందే.

ఉద్యోగి దృష్టిలో ట్రయల్‌లో అన్నిటికంటే కష్టమైన భాగం డోసు వేసే రోజు కాదు. చాలా ట్రయల్స్‌లో అప్పటిదాకా వాడుతున్న మందులను ముందుగా తగ్గిస్తూ పూర్తిగా ఆపేయమంటారు. దీనికి రెండు మూడు వారాలు, కొన్ని మందులకు ఇంకా ఎక్కువ పడుతుంది. తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, అణిగి ఉన్న దిగులు మళ్లీ పైకి రావడం, ఇవన్నీ ఆ వారాల్లోనే. అంత అవస్థ పడ్డాక మీకు వచ్చేది అసలు మందు కాకుండా ప్లేసిబో, అంటే మందే లేని ఉత్తుత్తి డోసు, కావొచ్చు. అందుకే సెలవు పెట్టాల్సి వస్తే డోసు రోజుకు కాదు, ఈ మందు ఆపే వారాలకు దాచుకోండి. మార్చి నెలాఖరు లెక్కల్లో బ్యాంకు ఉద్యోగి, పరీక్షల కాలంలో టీచరు, రిలీజు ముందు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఈ దశలోకి అడుగుపెట్టకూడదు. చేరే తేదీని ఒక నెల వాయిదా వేయమని అడిగితే ట్రయల్ బృందం ఒప్పుకోవచ్చు. అడగాలి, అంతే.

సిలోసైబిన్ గురించి క్లుప్తంగా. కొన్ని జాతుల పుట్టగొడుగుల్లో ఉండే ఈ పదార్థాన్ని కంపాస్ పాత్‌వేస్ అనే కంపెనీ శుద్ధిచేసిన మందుగా పరీక్షిస్తోంది. 2022లో వెలువడిన ఫలితాల్లో 233 మందికి ఒక్కసారే 25, 10, 1 మిల్లీగ్రాముల మోతాదులు ఇచ్చి చూశారు. మూడు వారాలకు 25 మిల్లీగ్రాముల వారిలో 37 శాతం మందికి, 1 మిల్లీగ్రాము వారిలో 18 శాతం మందికి గుణం కనిపించింది. 12 వారాల దాకా ఆ గుణం నిలిచినవారు 25 మిల్లీగ్రాముల వాళ్లలో ఐదో వంతే. ఆస్ట్రేలియాలో 2023 జులై 1 నుంచి ప్రత్యేక అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు దీన్ని మొండి డిప్రెషన్‌కు ఇవ్వొచ్చు. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఉన్న తెలుగువారికి అది చట్టబద్ధమైన దారి. మన దేశంలో ఇది ఎన్‌డీపీఎస్ కింద నిషిద్ధం. కొడైకెనాల్ వెళ్లి పుట్టగొడుగులు తింటే డిప్రెషన్ పోతుందని స్నేహితులు చెప్పే మాట వింటే కేసు, ఉద్యోగం ఊడటం, దానికి తోడు ఎంత మోతాదు తిన్నారో ఎవరికీ తెలియని ప్రమాదం.

ఆశ గురించి ఒక్క విషయం చెప్పాలి, ఎందుకంటే ఆశ విరిగినప్పుడు డిప్రెషన్ ఉన్న మనిషి తననే నిందించుకుంటాడు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆపరేషన్‌కు వచ్చిన 40 మంది డిప్రెషన్ రోగులకు, పూర్తి మత్తులో ఉండగా కొందరికి కెటమిన్, కొందరికి ఉత్త సెలైన్ ఎక్కించారు. మత్తులో ఉన్నారు కాబట్టి తమకు ఏది ఇచ్చారో రోగులకు తెలియదు. రెండు వర్గాలూ బాగానే కోలుకున్నాయి, పెద్ద తేడా లేదు. దీంతో కెటమిన్ పనిచేయదని తేలలేదు. నయమవుతుందన్న నమ్మకం, నలుగురూ దగ్గరుండి చూసుకోవడం కూడా చికిత్సలో గట్టి భాగం కావొచ్చని అనిపించింది. కాబట్టి కొత్త మందు మీ విషయంలో పనిచేయకపోతే లోపం మీలో ఉందని అనుకోవద్దు.

ఆఫీసులో ఎవరికి ఎంత చెప్పాలి? మానసిక వైద్యం వివరాలు గోప్యంగా ఉండే హక్కు 2017 చట్టమే ఇచ్చింది. సెలవు చీటీలో జబ్బు పేరు రాయాల్సిన అవసరం చాలాచోట్ల ఉండదు. ‘వైద్య చికిత్సలో ఉన్నాను. నాలుగు వారాల పాటు ప్రతి మంగళ, శుక్రవారాలు మధ్యాహ్నం నుంచి ఆస్పత్రికి వెళ్లాల్సి ఉంది. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను’ అని రాస్తే సరిపోతుంది. సర్టిఫికెట్ మీద సైకియాట్రీ అని అచ్చయిన లెటర్‌హెడ్ వాడకుండా ఆస్పత్రి సాధారణ లెటర్‌హెడ్ మీద ఇవ్వమని అడగొచ్చు. నమ్మకమైన మేనేజరు ఉంటే విషయం చెప్పుకోవడం మంచిదే, డెడ్‌లైన్లు సర్దుకోవడం తేలికవుతుంది. ఆ నమ్మకం ఉందో లేదో మీకే తెలుసు.

చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టమే గానీ, దానికి ఒక్క మినహాయింపు ఉంది, అందులో నేను గట్టిగా ఉంటాను. బస్సు, రైలు, క్రేన్ నడిపేవాళ్లు, ఎత్తుల మీద పనిచేసేవాళ్లు, బాయిలర్ దగ్గర ఉండేవాళ్లు, ఆపరేషన్ థియేటరులో పనిచేసేవాళ్లు తమ సంస్థ వైద్యుడికి ఈ చికిత్స గురించి చెప్పి తీరాలి. డ్యూటీ మార్పించుకోవాలి. ఇది మీ ఒక్కరి ప్రాణానికి సంబంధించింది కాదు. తీసేస్తారేమోనన్న భయం సహజం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో మానసిక అస్వస్థత కూడా ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, సరిపడే వేరే పోస్టు చూపించాలని దాని 20వ సెక్షన్ చెబుతోంది. 2021లో మానసిక అస్వస్థత ఉన్న ఒక సీఆర్‌పీఎఫ్ ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు, అలాంటివారి మీద క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టడమే పరోక్ష వివక్ష అని తీర్పు చెప్పింది. ప్రైవేటులో ఇంత రక్షణ లేదు. అందుకే ప్రతి సెలవు చీటీ, ప్రతి జవాబు మెయిల్‌లోనే ఉండేలా చూసుకోండి, వాటి కాపీ సొంత మెయిల్‌కు పంపుకోండి.

డబ్బు విషయానికొస్తే, శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఇన్సూరెన్సు ఇవ్వాలని 2017 చట్టం అంటోంది. అయితే పాలసీ చివర్లో మినహాయింపుల జాబితాలో 16వ కోడ్ కింద ‘నిరూపణ కాని చికిత్సలు’ అని ఉంటుంది. డిప్రెషన్‌కు కెటమిన్ ఎక్కించారంటే ఆ కోడ్ చూపించి క్లెయిము తోసిపుచ్చే అవకాశముంది. 24 గంటలు అడ్మిట్ కాలేదన్న కారణమూ చెప్పొచ్చు. మొదటి డోసుకు ముందే ఆస్పత్రి ద్వారా ముందస్తు అనుమతి అడిగించి, అవునో కాదో కాగితం మీద తెప్పించుకోండి. ఆస్పత్రిని కూడా ఒక్క సెషన్ ధర కాకుండా రెండు నెలల మొత్తం ఖర్చు, గది, మత్తు డాక్టరు ఫీజు కలిపి చెప్పమనండి. ఆ మొత్తం కోసం పీఎఫ్ తీయాల్సి వస్తుందంటే, ముందు చౌకైన మెట్లన్నీ అయ్యాయా అని డాక్టరుతో మరోసారి మాట్లాడాలి. ఈఎస్ఐ కార్డున్నవారికి అనారోగ్య సెలవులో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. దాన్ని వాడుకోవడానికి సంకోచించొద్దు.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఎస్‌కెటమిన్ దొరకడం తేలికే, సెలవే సమస్య. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలో ఏడాది పనిచేసి ఉంటే ఎఫ్ఎంఎల్ఏ అనే సెలవుల చట్టం కింద 12 వారాల జీతంలేని సెలవు తీసుకోవచ్చు. దాన్ని ఒకేసారి కాకుండా గంటల్లో, పూటల్లో ముక్కలుగా వాడుకోవచ్చని చాలామందికి తెలియదు. వారానికి రెండు మధ్యాహ్నాల చికిత్సకు అది సరిగ్గా సరిపోతుంది. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లు మాత్రం మనోవైద్య మందులు వెంట తీసుకెళ్లే ముందు ఆ దేశపు నియమాలు చూసుకోవాలి. యూఏఈ లాంటి చోట్ల కొన్ని మందులకు ముందే అనుమతి తీసుకోవాలి, డాక్టరు చీటీ దగ్గరుండాలి.

మందు పనిచేసిన వారం కూడా జాగ్రత్తగా ఉండాల్సిన వారమే. నెలల తర్వాత బుర్ర తేలికపడితే, పేరుకున్న పనంతా ఒక్కసారి తీర్చేద్దామనిపిస్తుంది. కొత్త ప్రాజెక్టు నేను చూస్తానని చెయ్యెత్తుతారు. రెండో వారానికి గుణం కొంచెం సడలగానే ఆ మాటలన్నీ మెడకు చుట్టుకుంటాయి. ఆ తేలికపడ్డ రోజులను నిద్ర వేళలు సరిచేసుకోవడానికి, నడకకు, కౌన్సెలింగ్ మళ్లీ మొదలుపెట్టడానికి వాడుకోండి. ఆఫీసులో ఉన్న పని ఉన్నట్టే చేస్తే చాలు.

చావాలన్న ఆలోచనలు వస్తుంటే ఏ ట్రయల్ తేదీ కోసమూ ఎదురుచూడొద్దు. వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పండి, దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. ప్రభుత్వపరంగా హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖ చినవాల్తేరులోనూ మానసిక వైద్యశాలలున్నాయి.

మొదటి డోసు రోజే డాక్టరును రెండు ప్రశ్నలడిగి జవాబులు రాసుకోండి. ఎన్ని డోసుల తర్వాత ఇది పనిచేయలేదని తేలుస్తాం? తేలితే తర్వాత ఏం చేస్తాం? పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల చిన్న ఫారం ఉంది, సున్నా నుంచి 27 దాకా మార్కులు. ప్రతి ఆదివారం పొద్దున అది నింపి తేదీ వేయండి, పక్కనే ఆ వారం ఎన్ని రోజులు పనికి వెళ్లగలిగారో రాయండి. నాలుగో వారం చివర ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి. అంకెలు కదలకపోతే ఇంకో నాలుగు వారాలకు డబ్బు కట్టే ముందు, ఆపే విషయం మీరే ఎత్తండి.